పొద్దును చూసి విమానం నడిపిన అంజయ్య

గంతలు కట్టే ఉద్యోగం

ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేసిన పనిని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: విమానం నడపడం బాగా వచ్చినవాళ్ళ కళ్ళకు గంతలు కట్టి, ఇప్పుడు నడుపు చూద్దాం అనడం. ఈ పనికి నెలనెలా జీతం ఇస్తారంటే మా తొండుపల్లిలో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. మా పెద్దమ్మ ఒక ఆదివారం చర్చి బయట అందరి ముందూ నిలదీసింది. "కండ్లు మంచిగున్నోళ్లకు గంతలు కట్టుడేంది దేవదానం? పాపం తగుల్తది బిడ్డా" అంది. ఆవిడకు సర్దిచెప్పడానికి పట్టిన సమయంలో నేను ఇద్దరు పైలట్లను తయారుచేసి ఉండేవాణ్ణి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఇన్‌స్ట్రక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. నియమాలు, ఫారాలు, లాగ్ పుస్తకాలు మీకు వేరేవాళ్ళు చెబుతారు. నేను నా తప్పు ఒకటి చెబుతాను. దాన్ని నవ్వుకుంటూ చెప్పగలుగుతున్నానంటే ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టే. అయ్యుంటే నాకు పెన్ను పట్టే ధైర్యం ఉండేది కాదు.

ముందు సంగతి ఏమిటో తెలియాలి. సొంత సరదాకు నడుపుకునే ప్రైవేట్ పైలట్, బయట నేలా ఆకాశమూ కనబడుతున్నంత వరకే ఎగరాలి. మబ్బులోకి పోకూడదు. పోవాలంటే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కావాలి. అంటే కిటికీ బయట ఏమీ కనబడకపోయినా, ఎదుట ఉన్న ఆరు గుండ్రటి మీటర్లను చూసి విమానాన్ని సరిగ్గా నడపగలగాలి. అది నేర్పడానికి శిష్యుడి తలకు హుడ్ అనే ప్లాస్టిక్ టోపీ తగిలిస్తాం. జట్కా గుర్రం గంతల్లాగా అది బయటి చూపును ఆపేస్తుంది, మీటర్లు మాత్రమే కనిపిస్తాయి. పక్క సీట్లో గురువు బయటికి ఒక కన్ను, లోపలికి ఒక కన్ను వేసి, మధ్యమధ్య దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంటాడు. ప్రార్థన చేసుకోండి, తప్పు లేదు. కళ్ళు తెరిచి చేసుకోండి.

ఇంత తంటా ఎందుకంటే మబ్బులో మనిషి ఒళ్ళు అబద్ధం చెబుతుంది. చెవి లోపల మన తూకం చూసే అమరిక ఒకటి ఉంది. విమానం మెల్లగా ఒక పక్కకు ఒరిగి తిరుగుతూ పోతే, కాసేపటికి ఆ అమరిక అలవాటుపడి, నేరుగానే పోతున్నాం అంటుంది. చెవి మాట నమ్మి పైలట్ చెయ్యి కదిపాడా, తిరుగుడు ఇంకా బిగుస్తుంది, ఎత్తు పడిపోతుంది. ఆ తర్వాత చెప్పడానికేమీ ఉండదు.

మూడు ఖాళీ సీట్లు

అంజయ్యది మంఖాల్. ఆకుకూరలు, పూలమొక్కలు పెంచి నర్సరీ నడిపేవాడు. నలభై దాటిన మనిషి, పెద్ద చేతులు, చిన్న మాటలు. షంషాబాద్‌లో దిగే విమానాలు తోట మీదుగా పోతుంటే పైపు చేతిలో పట్టుకొని చూస్తూ నిలబడేవాడట. అట్లా చూస్తూ చూస్తూ కొత్తిమీర మడులు ఎన్ని ముంచాడో లెక్కలేదని అతని భార్య సుజాత చెప్పేది. నర్సరీ నిలదొక్కుకున్నాక ప్రైవేట్ లైసెన్సు తీసుకున్నాడు. ఇంకో స్నేహితుడితో కలిసి నాలుగు సీట్ల పాత విమానం ఒకటి కొని, బడంగ్‌పేట్ అవతల మా స్కూలు రన్‌వే పక్కన పెట్టుకున్నాడు. నాలుగు సీట్లు ఎందుకంటే ఇంట్లో నలుగురు. తను, సుజాత, ఇద్దరు ఆడపిల్లలు.

నలుగురూ కలిసి ఎక్కింది ఒక్కసారే. ముసురు కాలం. మబ్బు తునకే కదా, అటునుంచి ఇటు దూరి పోదామనుకున్నాడు. దూరింది ఒక తీరుగా, బయటికొచ్చింది ఇంకో తీరుగా. మబ్బు కిందికి వచ్చేసరికి ఒక రెక్క నేలను చూస్తోంది, శ్రీశైలం రోడ్డు మీది లారీలు కిటికీ నిండా కనిపిస్తున్నాయి. ఎట్లాగో నిలదొక్కుకొని దించాడు. సుజాత షంషాబాద్‌లో ఒక దవాఖానలో నర్సు. అరిచే మనిషి కాదు. పిల్లలను దించి, చెప్పులు సరిచేసి, మొగుడితో ఒకటే మాట అంది. "ఆ మబ్బుల నడిపే రేటింగేదో చేతికొచ్చేదాక నేను ఎక్క. పిల్లలను ఎక్కనియ్య."

ఏడాది తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు అంజయ్య చెప్పుకున్న బాధ ఇది: "మూడు సీట్లల్ల ఎరువు బస్తాలు పెట్టుకోని తిరగాల్నా సార్? ఒక్కణ్ణే పోవుడు నాతోటి అయితలేదు."

నవ్వాను కానీ, ఆ మాట నాకు తగిలింది.

నేను ఇచ్చిన మాట

మామూలుగా ముందు తొండుపల్లి దగ్గరున్న మా షెడ్డులో సిమ్యులేటర్ పాఠాలు, అంటే నేల మీదే ఉండే ఉత్తుత్తి విమానంలో, ఆ తర్వాతే నిజం విమానం. అంజయ్యకు తీరిక లేదు, నాకు ఓపిక లేదు. సరేలే, ఒకసారి చూద్దామని ఒక పొద్దున ఆరున్నరకు విమానంలో కూర్చోబెట్టి హుడ్ తగిలించాను. ఎడమకు తిరగమంటే ఎడమకు తిరిగాడు. ఉత్తరానికి పొమ్మంటే గీత గీసినట్టు ఉత్తరానికి పోయాడు. రెండో పాఠం, ఐదో పాఠం, పదో పాఠం అన్నీ అంతే. డిగ్రీలు చదివిన కుర్రాళ్ళు హుడ్ కింద చెమటలు కక్కుతుంటే, ఈ మనిషి సోయికూర మడికి నీళ్ళు కట్టినంత తాపీగా కూర్చునేవాడు. సిమ్యులేటర్ ఇతనికెందుకు, దండగ అనుకున్నాను. నా చేతిలో ఒక వజ్రం పడిందని ఊరంతా చెప్పాను. టీ కొట్టు అతనికి కూడా చెప్పాను.

మా చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సీతామహాలక్ష్మి గారికీ చెప్పాను. ఆవిడది గోదావరి వైపు.

"సంతోషమండీ దేవదానం గారూ. ఎప్పుడెప్పుడు ఎగురుతున్నారండీ?"

"పొద్దుగాల ఆరున్నరకు మేడమ్."

"రోజూ అప్పుడేనా?"

"గాలి నెమ్మదిగ ఉంటది గదా మేడమ్."

"సిమ్యులేటర్ పాఠాలు అయ్యాయాండీ?"

"ఆయనకు అక్కర్లేదు మేడమ్."

"అలాగా అండీ."

ఆవిడ కింద ఇరవై ఏళ్లు పనిచేశాను. ఆవిడ కోపగిస్తే ఫరవాలేదు, 'అలాగా అండీ' అంటే మాత్రం ముందు గొయ్యి ఉందని అర్థం. తెలిసి కూడా పట్టించుకోలేదు. పొగడ్త మత్తు శిష్యుడి కంటే గురువుకే ఎక్కువ ఎక్కుతుంది.

ఆ వారమే సుజాత డ్యూటీ దిగి నన్ను చూడ్డానికి వచ్చింది. యూనిఫాం మీదే ఉంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆయన చెప్తే నేను ఎక్క. మీరు చెప్తే ఎక్కుత. ఉన్నది ఇద్దరు పిల్లలు. కూసోపెట్టొచ్చా?"

"నిశ్చింతగ కూసోపెట్టమ్మా. పరీక్ష వచ్చే వారమే. మాటిస్తున్న" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. ఏడాదిగా పట్టుకున్న బరువు దించినట్టు ఊపిరి వదిలి, సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. అవి చాలా తియ్యగా ఉన్నాయి. ఆ సంగతి ఇప్పటికీ సిగ్గుతోనే గుర్తుకొస్తుంది.

ముసురు పట్టిన పొద్దున

"రేపు ముసురటండీ. మీ వజ్రాన్ని రేపు తీసుకెళ్ళండి" అన్నారు మేడమ్. పరీక్షకు ముందు ఒకసారి నిజం మబ్బు చూపించాలి కదా అని నేనూ సరేనన్నాను. కింద నుంచి విమానాలకు దారి చెప్పే కంట్రోలర్ల అనుమతి తీసుకొని లేచాం. నాలుగున్నర వేల అడుగుల దగ్గర మబ్బు మమ్మల్ని మింగింది. చుట్టూ తెల్లగా, నానిన దూది లోపల కూర్చున్నట్టు ఉంది. ఇక్కడ హుడ్ అవసరం లేదు, తీసేయమన్నాను.

ఒక నిమిషం బాగానే ఉంది. తర్వాత ఎడమ రెక్క మెల్లగా కిందికి దిగడం మొదలైంది. చూస్తాడులే అనుకున్నాను. చూడలేదు. దిక్కు చూపే మీటర్ తిరుగుతోంది, ఎత్తు చూపే ముల్లు దిగుతోంది. అంజయ్య మాత్రం మీటర్లను వదిలేసి తన మోకాళ్ళ వైపు, తలుపు వైపు, మళ్ళీ మోకాళ్ళ వైపు చూస్తున్నాడు. పోగొట్టుకున్న తాళంచెవి వెతుకుతున్నట్టు ఉంది వాలకం.

"అంజయ్యా, ఎట్ల పోతున్నం?"

"సీదా పోతున్నం సార్."

అప్పటికి ముప్ఫై డిగ్రీలు ఒరిగి ఉన్నాం. స్టీరింగ్ నేను తీసుకున్నాను. సరిచేసి, మబ్బు దాటించి, తీసుకొచ్చి దించాను. ఇంజన్ ఆపాక అడిగాను.

"ఏమైంది నీకు? ఏం వెతుకుతున్నవ్?"

"ఇయ్యాల పొద్దు లేకపాయె గదా సార్."

"పొద్దుతోటి నీకేం పని?"

అంజయ్య నన్ను విచిత్రంగా చూశాడు. "పొద్దు లేంది దిక్కెట్ల తెలుస్తది సార్?"

అప్పుడు విప్పి చెప్పాడు. పొద్దున ఆరున్నరకు ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. తలుపు కమ్మీ నీడ అతని మోకాలి మీద పడుతుంది. విమానం తిరిగితే నీడ పక్కకు జరుగుతుంది, రెక్క ఒరిగితే ఎండ మరక పైకో కిందికో పోతుంది. పుట్టినప్పటి నుంచి పందిళ్ళ కింద నారు పెంచిన మనిషి, ఏ నీడ ఎటు జరిగితే పొద్దు ఎక్కడుందో అతనికి ఒకరు నేర్పాలా? పది పాఠాలూ మోకాలిని చూసి నడిపాడు. మీటర్లు మధ్యమధ్య మర్యాదకు చూసేవాడు.

"దొంగతనం గదా ఇది!" అని అరిచాను.

అంజయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "మీరు బయటికి చూడొద్దన్నరు. నేను చూడలే సార్. ఎండనే లోపటికొచ్చింది."

పదిసార్లు పక్కనే కూర్చొని, అతని కళ్ళు ఎక్కడున్నాయో ఒక్కసారి కూడా చూడని గురువు ఎవరిని తిడతాడు? మీటర్లు సరిగ్గా ఉన్నాయా అని చూశాను కానీ మనిషి వాటిని చూస్తున్నాడా అని చూడలేదు. పిల్లలూ, ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే మిగతాది చదవకపోయినా ఫరవాలేదు. మంచి ఫలితం వచ్చినప్పుడే ఎట్లా వచ్చిందో అడగండి. చెడ్డ ఫలితాన్ని అందరూ అడుగుతారు.

మేడమ్‌కు చెప్పాను. "మధ్యాహ్నం పన్నెండింటికి, ఎండ నడినెత్తి మీదున్నప్పుడు ఎగిరి ఉంటే మీకు మొదటి రోజే తెలిసేదండీ" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మాట వెనక్కి తీసుకోవడం

పరీక్ష ఆపించడం సులువే. సుజాతకు చెప్పడమే గండం. దవాఖాన వరండాలో పావుగంట నిలబడ్డాను. రోగం ఏమిటని ఇద్దరు అడిగారు. ఆమె బయటికొచ్చాక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నీ మొగుడికి ఇంకా రాదు, నేను తొందరపడి మాటిచ్చాను, తప్పు నాదే అన్నాను.

సుజాత అడిగిన మొదటి ప్రశ్న, "ఆయన మోకాలిని చూసిండా?"

"చూసిండమ్మా."

నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది. నవ్వు అయిపోయాక గొంతు మారింది. "ముందే చెప్పిండ్రు, మంచిదైంది సార్. మా దగ్గర పేషెంట్ 'మంచిగున్న సిస్టర్' అంటే మేం రాసుకోం. మిషన్ పెట్టి చూస్తం. చూసుడు గాదు, నోటితోటి చదువుతం. డ్యూటీ మారేటప్పుడు ఇంకో సిస్టర్‌కు చదివే అప్పజెప్తం. మిషన్ మీద అనుమానమొస్తే ఇంకో దానితోటి సరిచూస్తం. మీ కాడ గిట్ల లేదా?"

ముప్ఫై ఏళ్లుగా నేను గంటలు గంటలు చెప్పే పాఠాన్ని ఆమె వరండాలో నిలబడి అర నిమిషంలో చెప్పింది.

మర్నాడు ఆమెను, అంజయ్యను మా ఆఫీసుకు పిలిచాను. చెవి ఎట్లా మోసం చేస్తుందో చూపించాలని. దానికి గుండ్రంగా తిరిగే కుర్చీ కావాలి. స్కూలు మొత్తానికి నునుపుగా తిరిగే కుర్చీ ఒక్కటే, అది మేడమ్‌ది. అంజయ్య కళ్ళకు తువ్వాల కట్టి అందులో కూర్చోబెట్టాం. తిప్పే పని సుజాత తీసుకుంది. ఏడాది కోపం ఉంది కదా, చీర కొంగు దోపుకొని మరీ తీసుకుంది.

"నెమ్మదిగా తిప్పండమ్మా. ఆ కుర్చీ నేను రిటైరయ్యేదాకా ఉండాలి" అన్నారు మేడమ్.

ఒకే వేగంతో తిప్పుతూ పోయింది.

"ఎటు తిరుగుతున్నవ్?"

"కుడికి."

కాసేపయ్యాక, "ఇప్పుడు?"

"ఆపినవ్ గదా."

"ఆపలే!" అంటూ ఇంకో నాలుగు చుట్లు తిప్పి టక్కున ఆపింది. "ఇప్పుడు?"

"ఇప్పుడు ఎడమకు తిప్పుతున్నవ్. జర మెల్లగ తిప్పే, వాంతైతది!"

కుర్చీ కదలకుండా ఉంది. సుజాత రెండు చేతులూ ఎత్తి మాకు చూపించింది. అందరం పడీపడీ నవ్వాం. తువ్వాల విప్పితే అంజయ్య నిశ్చలంగా ఉన్న కుర్చీని నమ్మలేక నేలను చూశాడు, గోడను చూశాడు, చివరికి పెళ్ళాన్ని చూశాడు.

సుజాత నవ్వు ఆగిపోయింది. "అంటే ఆ దినం... మమ్ములను కూసోపెట్టుకున్న దినం, నువ్వు నిజంగనే సీదా పోతున్నమనుకున్నవా?"

"అనుకున్న."

"నేను ఏడాది సంది నువ్వు బడాయికి పోయినవనుకుంటున్న."

"మబ్బులకు పోయింది బడాయికే" అన్నాడు అంజయ్య తల దించుకొని. "పోయినంక మాత్రం నాకేం తెల్వలే."

మేడమ్ లేచి అందరికీ టీ చెప్పారు.

షెడ్డులో కూలిపోవడం

ఆ తర్వాత రెండు నెలలు తొండుపల్లి షెడ్డే గతి. సిమ్యులేటర్‌లో ఎండ లేదు, నీడ లేదు. వజ్రం కాస్తా మొదటి వారం రోజూ కూలిపోయింది. ప్రాణం పోదు కానీ తెర నల్లబడుతుంది, నా మ్యాప్ మీద చుక్క ఆగిపోతుంది.

"ఏడ పడ్డం సార్?"

"నీ నర్సరీ దగ్గర్నే."

అంజయ్య ముఖంలో నెత్తురు లేదు. "ఏ పక్క సార్? పందిళ్ల పక్కనా, బోరు పక్కనా?"

సుజాత పద్ధతే పెట్టాం. ప్రతి మీటర్‌నూ చూసి, పైకి చదవాలి. నోరు ఆగితే పాఠం ఆగినట్టే. "రెక్కలు సమానం, ఎత్తు మూడు వేల ఐదు వందలు, దిక్కు ఉత్తరం, వేగం తొంభై" అని చదవడం అతనికి ఎంత అలవాటైందంటే, ఇంట్లో అన్నం తింటూ కూడా గొణుగుతున్నాడని పిల్లలు చెప్పారు. ఒకసారి రేడియోలో కంట్రోలర్‌కు కూడా అచ్చ తెలుగులో చదివి పెట్టాడు. మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ తెలుగులోనే చెప్పాడు.

ఒక మీటర్ పనిచేయనట్టు నేను మూసేసేవాణ్ణి. అప్పుడు మిగతావాటితో సరిచూసుకోవాలి. అదీ నేర్చుకున్నాడు. మళ్ళీ ముసురు పట్టిన రోజు చూసి నిజం మబ్బులోకి తీసుకుపోయాను. ఈసారి నేను మీటర్లను తక్కువ చూసి అతని కళ్ళను ఎక్కువ చూశాను. ఉన్నట్టుండి చదవడం ఆపాడు.

"సార్, నా పానం కుడి పక్కకు పడ్తున్నమంటుంది."

"మీటర్లేమంటున్నయ్?"

"సీదా పోతున్నమంటున్నయ్."

"మరి?"

"పానం మాట రాసుకోను సార్" అని, మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు.

పరీక్ష సంగతి రాయను. పాసయ్యాడు. అదే నెలలో నేను రిటైరయ్యాను.

పోని రోజు

రేటింగ్ వచ్చాక సుజాత ఫోన్ చేసింది. "ఇగ చెప్పుండ్రి సార్, ఎక్కొచ్చా?"

ఒకసారి కాలింది కదా. "నేను మాటియ్యనమ్మా. ఏ రోజు ఎగరకుండ ఆగుతవో చెప్పమని ఆయన్నే అడుగు" అన్నాను.

అడిగిందట. చెప్పాడట. "చెప్పుడు ఎవలైన చెప్తరు సార్. చేసినప్పుడు చూస్త" అంది. అయినా ఒక ఆదివారం కడపకు పోదామంటే ఊఁ అంది కానీ, ఎక్కేది లేనిది మాత్రం విమానం దగ్గరికొచ్చాకే చెబుతానంది. నన్నూ రమ్మన్నారు. ప్రార్థన ముగించుకొని వెళ్ళేసరికి రన్‌వే పక్కన పెళ్ళిలాంటి సందడి. అంజయ్య బావమరుదులు, వాళ్ళ పిల్లలు, పూలదండ, కొబ్బరికాయ, రెండు గిన్నెల పులిహోర. సుజాత పిల్లల చేతులు పట్టుకొని విమానానికి పది అడుగుల దూరంలో నిలబడింది. అంతకంటే దగ్గరికి రాలేదు.

అంజయ్య విమానం చుట్టూ తిరిగి చూసి, వాతావరణ కబురు కోసం ఆఫీసులోకి వెళ్ళాడు. బయటికొచ్చి పిల్లల వంక చూశాడు, దండ వంక చూశాడు.

"ఇయ్యాల పోం" అన్నాడు.

పెద్ద బావమరిదికి అర్థం కాలేదు. "అదేంది బావా? ఇక్కడ మంచిగనే ఉంది గదా!"

"అక్కడ మబ్బు చాన కిందికుంది. పోనీకి వస్తది. దిగనీకి రాదు."

"మబ్బులకెళ్లి పోనీకే గదా ఇన్ని నెలలు చదివినవ్!"

"పోయి చూసి వాపస్ రావచ్చు గదా బావా" అన్నాడు రెండో అతను. ఎవరో కిసుక్కున నవ్వారు. కొబ్బరికాయ పట్టుకున్న పెద్దాయన దాన్ని ఏం చేయాలో తెలియక చేతులు మార్చుకుంటున్నాడు. అంజయ్య చెవులు ఎర్రబడ్డాయి. అట్లాంటి సమయంలో ఎంతమంది మొండిగా ఎగిరిపోయారో నాకు తెలుసు. నేను కల్పించుకోలేదు. అది అతని విమానం, అతని మాట.

"ఎవలేమన్న అనుకోండ్రి. పోం" అని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

సుజాత పిల్లల చేతులు వదిలింది. పులిహోర గిన్నె ఒకటి అందుకుంది. చెప్పులు విడిచి, నేరుగా వెళ్ళి, విమానం తలుపు తీసి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. పిల్లలు పరుగెత్తి వెనక సీట్లు ఎక్కేశారు. అంజయ్య నోరు తెరుచుకొని నిలబడ్డాడు.

"దిగు సుజాతా, ఇయ్యాల పోతలేం అన్న గదా."

"ఇన్న. అందుకే ఎక్కిన" అంది ఆమె, గిన్నె మూత తీస్తూ. "నువ్వు గూడ వచ్చి కూసో. తిందాం."